జడలు కట్టిన తల

కృష్ణగిరి నుండి ఊత్తంగరై, సింగారపేట మీదుగా తిరువణ్ణామలైకి పోయే బస్సు ఎక్కితే, ముఖ్యంగా కార్తిక దీపం రోజుల్లో, జడలు కట్టిన తలతో ఒక్క సాధువైనా కనిపిస్తాడు. ఈమధ్య అదే బస్సులో అలాంటి జడలతోనే కాలేజీ కుర్రవాళ్లూ కనిపిస్తున్నారు. వాళ్లు వాటిని డ్రెడ్‌లాక్స్ అంటారు. ఊత్తంగరై నుండి వచ్చి మా దగ్గర తెలుగు చదువుతున్న విద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, వీటిని తెలుగులో ఏమనాల? జడ అంటే ఆడపిల్లలు వేసుకొనేది కదా?"

ప్రశ్న చిన్నదే గాని మంచిది. సంస్కృతంలో జటా అంటే దువ్వెన తగలక అట్టకట్టిన జుట్టు. ప్రాకృతంలో అది జడా అయింది, తెలుగులో జడ. ఆ తర్వాత చిత్రంగా, చక్కగా దువ్వి, చిక్కు తీసి, మూడు పాయలుగా అల్లినదానికి ఈ పేరు స్థిరపడింది. దువ్వని తలకూ దువ్విన తలకూ ఒకే మాట! అయినా పాత అర్థం పోలేదు. జడలు కట్టడం అనే పదబంధంలో ఉంది. ముని అనే అర్థంలో వాడే జడదారిలో ఉంది. జడలబర్రెలో ఉంది. నల్లగొండ జిల్లా చెరువుగట్టు మీద వెలసిన జడల రామలింగేశ్వరుడి పేరులో ఉంది. కన్నడంలో జడె అన్నా, తమిళంలో సడై అన్నా ఈ రెండర్థాలూ వస్తాయి. తమిళులకు అల్లికకు పిన్నల్ అనే మాట వేరుగా ఉంది కాబట్టి వాళ్లకు తికమక తక్కువ. అన్నట్టు, జడభరతుడికి ఈ జడతో సంబంధం లేదు. అది మందమతి అనే అర్థమున్న వేరే సంస్కృత పదం. పరీక్షల్లో ఈ రెండూ కలిపేసినవాళ్లను చూశాను.

ఇక జడ ఎలా కడుతుంది? వెంట్రుక పైకి నున్నగా ఉన్నా దాని మీద చేపపొలుసుల వంటి పొరలుంటాయి. రాపిడికి, చెమటకు, తడికి ఒక వెంట్రుక పొలుసులు మరొకదానివాటిలో తగులుకొంటాయి. దీనికి తోడు ప్రతి మనిషి తలనుండి రోజుకు యాభై నుండి నూరు దాకా వెంట్రుకలు రాలుతాయి. దువ్వేవాళ్లకు అవి దువ్వెనతో వచ్చేస్తాయి. దువ్వనివాళ్లకు అవి బయటికి రాక లోపలే ఉండి, ఉన్నవాటిని చుట్టుకొంటాయి. కాబట్టి జడలో బతికిన వెంట్రుకలతోబాటు రాలినవీ ఉంటాయి. ఉంగరాల జుట్టు త్వరగా కడుతుంది, తిన్నని జుట్టుకు కాలం పడుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జడలో అది మెలికలు తిరిగి కుంచించుకొంటుంది గనుక నడుము దాకా దిగాలంటే ఏళ్లు పట్టవలసిందే.

కోరి పెంచుకొనేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి: జడలంటే తల కడగకపోవడం కాదు. వారానికి ఒకసారైనా మాడు తగిలేలా రుద్దాలి. శీకాయ పొడి నేరుగా వేస్తే నలుసులు జడల్లో ఇరుక్కొని మరి రావు. కుంకుడుకాయ రసం వడగట్టి పోసుకోవడం మేలు. అంతకన్న ముఖ్యం ఆరబెట్టడం. పైకి పొడిగా ఉన్నా లోపల తడి నిలిచి ఉంటుంది, అలాగే ముడివేస్తే ముక్కవాసన, బూజు. నూనె మాడుకు కొద్దిగా చాలు, జడలకు పట్టిస్తే దుమ్మంతా అక్కడే చేరుతుంది. కుదుళ్ల దగ్గర పక్కపక్క జడలు కలిసిపోకుండా అప్పుడప్పుడు చేత్తో విడదీస్తుండాలి. బిగించి కట్టేవాళ్లకు నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది, అది మళ్లీ రాకపోవచ్చు.

త్వరగా కట్టాలని మైనం పూసేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు గాని ఆ ఉపాయం కొత్తదేమీ కాదు. వాల్మీకి రామాయణంలో రాముడు గంగ దాటబోయే ముందు గుహుడిచేత మర్రిపాలు తెప్పించి, తనకూ లక్ష్మణుడికీ జడలు కట్టుకొంటాడు. ఇది అందరికీ తెలుసు. యుద్ధకాండ చివర నందిగ్రామంలో మంగలివాళ్లను పిలిపించి, ఆ జడలు తీయించుకొని, తలంటి పోసుకొన్న తర్వాతనే పట్టాభిషేకానికి బయలుదేరతాడన్నది చాలామందికి గుర్తుండదు. ఆయన జడలు కట్టినదీ ఒక పనికోసమే, ఆ పని తీరగానే తీసేశాడు.

ఈ సంగతి ఎత్తడానికి కారణముంది. బస్సులో కుర్రవాడు కోరి పెంచుకొన్నాడు. కోరకుండా జడలు కట్టినవాళ్ల మాట వేరు. జ్వరంలోనో, బాలింత రోజుల్లోనో కొన్ని వారాలు దువ్వక, చుండ్రో పేలో పడి, తల ముద్ద కట్టవచ్చు. వైద్యులు దీన్ని ప్లైకా అంటారు. కర్ణాటకలో, తెలంగాణలో ఎల్లమ్మ పిలిచిందనడానికి ఇది గుర్తుగా చెప్పి ఎంతమంది ఆడపిల్లలను దేవతకు విడిచారో! కర్ణాటక 1982లోను, ఆంధ్రప్రదేశ్ 1988లోను చట్టాలు చేసి ఆ ఆచారాన్ని నిషేధించాయి. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు ఇంటింటికీ పోయి, ఒప్పించి, జడలు తీస్తూ వచ్చారు. ఒప్పించడమే అందులో కష్టమైన పని.

అది నాకు అనుభవం. ఊత్తంగరై దగ్గరి పల్లెలో మా చిన్నమ్మకు విషజ్వరం తర్వాత తల అట్టకట్టింది. గంగమ్మ వచ్చిందన్నారు. పదకొండేళ్లు మోసింది. మెడ నొప్పి. వెల్లకిలా పడుకోలేదు. సెలవులకు పోయినప్పుడల్లా నేను వెంట్రుక పొలుసుల సంగతి పాఠంలా చెప్పి, "కోయించెయ్ చిన్నమ్మా" అనేవాణ్ణి.

"నా ఎంటికలైతే కోయిస్తును నాయనా. ఇవి గంగమ్మవి" అనేది.

ఆమె కోడలు ఐదో తరగతి దాకా చదివింది. ఒకరోజు అన్నం పెడుతూ అంది: "కోయద్దులే అత్తా. కొండకు పోయి ఇచ్చేద్దాము. గంగమ్మ సొమ్ము ఆయమ్మ అన్న దగ్గరికే కదా పోయేది."

తిరుపతి గంగమ్మ వెంకటేశ్వరుడి చెల్లెలని మా వైపు అందరూ నమ్ముతారు. పంటనూ గొంతునూ కోస్తారు, తలనీలాలు ఇస్తారు. రెండు క్రియల మధ్య తేడా భాషాశాస్త్రంలో పట్టా ఉన్న నాకు పదకొండేళ్లు తట్టలేదు. చిన్నమ్మ కాసేపు ఆలోచించి, "శనివారం పోదామా?" అంది.

తిరుమల కళ్యాణకట్టలో జడలు దిగాయి. ఆ రాత్రి సత్రంలో ఆమె వెల్లకిలా పడుకొని, తెల్లవారి మేము లేపేదాకా లేవలేదు.