మెట్టభూముల పూర్వచరిత్ర: గచ్చిబౌలి రాళ్ళు మనకు చెప్పు సంగతి



చేనిలోని రాళ్ళనేరి గట్టున వేయుట మెట్టసేద్యములో మొదటి పని. కాని మన చేలలోని రాళ్ళన్నియు ప్రకృతి వేసినవి కావు. కొన్నిటిని మనుష్యులు మోసికొని వచ్చి, గుండ్రముగా పేర్చి, నడుమ గోతిలో తమ పెద్దలను పూడ్చిరి. వీనిని మన పల్లెలలో కొందరు రాకాసి గుళ్ళనియు, కొందరు పాండవుల గుళ్ళనియు పిలుతురు. ఇవి రాక్షసులవియు కావు, పాండవులవియు కావు. వానలు తక్కువైన ఈ సీమలోనే పశువులను మేపికొని, పైరులు పెట్టుకొని జీవించిన మనవంటి వారి సమాధులు. చరిత్రయనగా రాజులది, కోటలది మాత్రమేయని తలచు రైతులకు ఈ విషయమును ఎరిగించుట అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

హైదరాబాదునకు పడమట నేడు హైటెక్ సిటీ యని పిలువబడు ప్రాంతమును తీసికొందము. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ యనునవి ఒకనాడు సామాన్యమైన పల్లెలు. గుండ్లు, తుప్పలు, కుంటలు, మెట్టచేలు, పశువులు మేయు కంచలు వీని ఆస్తి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభింపబడిన తరువాత ఒక్క తరములోనే అచ్చట అద్దాల మేడలు లేచినవి. అంతకు పూర్వమే, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరముల భూమి యీయబడెను. ఆ ఆవరణలో మేడలు లేవని చోట పాత రాళ్ళు నిలిచినవి.

ఆ రాళ్ళను చరిత్రశాఖకు చెందిన ఆచార్య కె. పి. రావుగారు పరిశీలించి త్రవ్వించిరి. సమాధులలో మట్టిపాత్రలును, ఇనుప వస్తువులును బయల్పడెను. కుండ కాలిన నాటినుండి, లేక మట్టి వెలుతురు చూడక కప్పబడిన నాటినుండి ఎంతకాలము గడచినదో లెక్కించు పద్ధతి యొకటి కలదు. ఆ లెక్కనుబట్టి అచ్చటి ఇనుము నాలుగువేల సంవత్సరములకు పైబడినదని రావుగారు ప్రకటించిరి. దక్షిణదేశమున ఇనుము క్రీస్తుకు పూర్వము 1200 ప్రాంతమున వచ్చెనని అంతకుముందు పలువురు పండితుల అభిప్రాయము. ఈ చర్చ ఇంకను ముగియలేదు. అట్టి పెద్ద ప్రశ్న నొకదానిని లేవదీసినది ఏ రాజధాని శిథిలమో కాదు, పశువులు మేసిన రాతినేల.

ఈ సమాధుల నిర్మాణమును తెలిసికొనుట రైతునకు ఉపయోగకరము. పైన పెద్ద గుండ్లతో వలయము, వలయములో చిన్న రాళ్ళ కుప్ప, దాని క్రింద నాలుగు ప్రక్కల నాపబండలు నిలిపి కట్టిన పెట్టెవంటి గది సాధారణముగా నుండును. కొన్ని తావుల ఒక బండకు గుండ్రని రంధ్రము కూడ కనబడును. లోపల ఎముకలును, లోపలిభాగము నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలును, కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు వంటి ఇనుప పనిముట్లును దొరకును. కుండలను బోర్లించి కాల్చుటచే గాలి సోకని లోపలిభాగము నల్లబడినదని చెప్పుదురు. చనిపోయిన వానివెంట కొడవలి నుంచిన జనులు కోతకాలము నెరిగినవారని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంకను పూర్వులు, అనగా ఇనుము నెరుగక రాతిగొడ్డళ్ళతో పని చేసికొన్నవారు, ఎట్లు బ్రతికిరో సమాధులవలన తెలియదు. అందుకు దక్షిణమున కృష్ణా, తుంగభద్రల నడిమి సీమలకును, వాని చుట్టుపట్లకును పోవలెను. అచ్చట బూడిద దిబ్బలు కలవు. కొన్ని దిబ్బలలో బూడిద కరగి చిట్టెమువలె గట్టిపడియుండుటచే కొలిమిదిబ్బలని కొందరు భ్రమించిరి. హంపి చెంత నింబాపురములోని దిబ్బ వాలి చితాభస్మమని జనులు చెప్పుకొందురు. భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్టు బ్రూస్ ఫుట్ దొర ఇవి కాలిన పశువుల పేడ యని ఊహించెను. 1957లో రేమండ్ ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాదు ప్రాంతపు ఉట్నూరు వేరు) త్రవ్వి చూడగా దొడ్డి చుట్టును పాతిన గుంజల గుంటలును, పశువుల గిట్టల ముద్రలును కనబడెను. 1960లో జాయినర్ అను శాస్త్రజ్ఞుడు బూడిదను పరీక్షించి అది పేడయేయని స్థిరపరచెను. అంత ఎరువును ఏల తగులబెట్టిరని మన రైతు అడుగును. పశువులను మంటమీదుగా దాటించు పండుగ ఆచారములతో ఆల్చిన్ దీనిని పోల్చెను.

వారు తినిన ధాన్యము సంగతియు తెలిసినది. మనము విత్తనములను ఉప్పునీటిలో వేసి తాలును తేల్చినట్లే, పండితులు పాత ఊళ్ళ మట్టిని నీటిలో కలిపి, తేలివచ్చిన మాడిన గింజలను ఏరి పరీక్షింతురు. బళ్ళారి మొదలు కడప వరకు గల పాత నివాసములలో ఇట్లు దొరకిన గింజలలో ముఖ్యమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రజాతి గడ్డిగింజ యొకటి. సుమారు నాలుగువేల సంవత్సరములనాడే ఈ నేలలో ఇవి ప్రధానాహారము. ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టు రైతు, తాను ఎంత ప్రాచీనమైన పైరును చేత పట్టుచున్నాడో ఎరుగవలెను. తక్కువ వానకు, పలుచని నేలకు తగిన గింజలను ఏర్పరచినవారు ఆ పూర్వులే. వాని విత్తనములను పోగొట్టుకొనక నిలుపుకొనుట మన భారము.

ఇక ముఖ్యమైన మాట. కంచ యనగా పశువుల మేతకు విడిచిన భూమి. లెక్కలలో అది బంజరని వ్రాయబడగానే అందులో ఏమియు లేదని తలచుట లోకమునకు అలవాటైనది. విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమిని గూర్చి 2025లో పెద్ద వివాదము చెలరేగినది. యంత్రములతో చెట్లను పడగొట్టుచుండగా విద్యార్థులు అడ్డుతగిలిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీముకోర్టు ఆ పనులను నిలిపివేసెను. వివాదము ప్రధానముగా చెట్లను, జంతువులను గూర్చినది. అయినను రైతులు గ్రహింపవలసినది మరియొకటి కలదు. కొట్టిన చెట్టునకు బదులు చెట్టు నాటవచ్చును. పగులగొట్టిన సమాధికి బదులు సమాధి లేదు.

పట్టణము మాత్రమే తప్పు చేయుచున్నదని మనము చేతులు దులుపుకొనరాదు. నారాయణపేట జిల్లా ముడుమాలలో 10 మొదలు 14 అడుగుల ఎత్తుగల నిలువురాళ్ళు సుమారు 80 కలవు. అందొకదానిని ఎల్లమ్మగా కొలుతురు. 2025లో ఆ స్థలము యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినది. గ్రామస్థులు పూజించిన రాయి నిలిచినది. చేనికి అడ్డమని తీసివేసిన రాయి ఏ ఊరిలోనైనను పోయినట్లే.

కావున సంఘసభ్యులకు నా మనవి యిది:

1. చేనిలో రాళ్ళ వలయము కనబడినచో చుట్టును నాలుగు గజములు విడిచి దున్నవలెను. ఆ కాస్త నేలవలన కలుగు నష్టము స్వల్పము.

2. గుప్తనిధి కలదని చెప్పువారి మాట నమ్మరాదు. అందు సాధారణముగా దొరకునవి పెంకులు, ఎముకలు, త్రుప్పుపట్టిన ఇనుము మాత్రమే.

3. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినచో కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. కుండ దొరకినంతమాత్రమున పట్టా పోదు. దాచినచో శిక్ష కలదు.

4. దొరకిన వస్తువును కడుగక, గీకక, కదలింపక ఉన్నచోటనే ఉంచి పురావస్తుశాఖకు కబురంపవలెను. వస్తువుకన్న అది ఉన్న చోటు ఎక్కువ సంగతి చెప్పును.

5. ప్రతి సంఘమును తన గ్రామములోని పాత రాళ్ళు, దిబ్బలు ఏ సర్వే నెంబరులో నున్నవో ఒక పుస్తకమున వ్రాయించి, వచ్చు సర్వసభ్య సమావేశములో చదివించవలెను.

ఈ చివరి పనికి ధనమక్కరలేదు. గ్రామములోని వృద్ధులను, గొఱ్ఱెలకాపరులను అడిగినచో ఒక వారములో పూర్తియగును. ఏ రాయి ఎచ్చట నున్నదో కచేరీ కాగితములకన్న వారికే బాగుగ తెలియును. వారుండగనే వ్రాసికొనుడు.