పాత బండికి ఏ ఆయిల్‌ పోస్తున్నారు?

రాజాంలో ఇంజినీరింగ్‌ సీటొచ్చింది. కాలేజీకి దూరంగా గది దొరికింది. కొత్త బండి అడిగితే ఇంట్లో ‘ముందు చదువు సంగతి చూడు’ అన్నారు. బతిమాలగా బతిమాలగా ఏపీ 30 నంబరుతో ఓ పాత స్ప్లెండరో, పల్సరో చేతికొచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్‌ వచ్చింది 2019లో. అంటే మీ బండి అంతకు ముందుది, రాజాం ఇంకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్ననాటిది. ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ ఆయిల్‌ పోశారో ఆర్‌సీలో రాసి ఉండదు.

అందుకే షెడ్డుకెళ్లగానే ఓ సలహా ఉచితంగా దొరుకుతుంది: ‘పాత ఇంజిన్‌ కదా బాబూ, పైగా మన ఎండలు. చిక్కటి ఆయిల్‌ పోసేస్తే సరిపోద్ది’. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కంపెనీవాళ్లు మాన్యువల్‌ రాసింది మన ఎండల్ని చూసుకునే కదా! స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ30, పాత పల్సర్‌ 150కి 20డబ్ల్యూ50, 350 సీసీ బుల్లెట్‌కు 15డబ్ల్యూ50 అని వాళ్లు చెప్పింది ఆ ఇంజిన్‌ భాగాల మధ్య ఉండే సందుల్ని, ఆయిల్‌ పంపు శక్తిని బట్టి. పక్కింటి పల్సర్‌కు పోసింది మీ స్ప్లెండర్‌కు పనికిరావాలని లేదు.

ఆ అంకెల సంగతి చూద్దాం. ‘డబ్ల్యూ’ అంటే వింటర్‌. దాని ముందున్న అంకె, చలిలో ఆయిల్‌ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్నది ఇంజిన్‌ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. మంచు పడని రాజాంలో మొదటి అంకెతో పెద్ద పేచీ లేదు. జాగ్రత్త పడాల్సింది రెండోదాని దగ్గరే. 30 ఉండాల్సిన చోట 50 పోస్తే పొద్దున్నే స్టార్ట్‌ చేసినప్పుడు పైనున్న క్యామ్‌ దాకా ఆయిల్‌ ఆలస్యంగా చేరుతుంది. ఆ కాసేపూ ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. మైలేజీ తగ్గడం దీనికి అదనం.

మరి చిక్కటి ఆయిల్‌ ఎందుకంత ఫేమస్‌? అది పొగను కొన్నాళ్లు దాచిపెడుతుంది కాబట్టి. అరిగిన రింగుల్లోంచి పల్చటి ఆయిల్‌ పైకెక్కి కాలితే నీలిపొగ వస్తుంది. చిక్కటిదైతే తక్కువ ఎక్కుతుంది, చప్పుడూ కాస్త తగ్గుతుంది. బండి అమ్మేవాళ్లకు అంతకంటే ఏం కావాలి! కాబట్టి కొనే ముందే ఓ పని చేయండి. ‘ఇంజిన్‌ వేడి చేయొద్దు, నేనొచ్చాకే స్టార్ట్‌ చేయండి’ అని ముందే చెప్పి పొద్దున్నే వెళ్లండి. స్టార్ట్‌ చేయగానే నీలిపొగ గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్‌ సీళ్లను అనుమానించాలి. యాక్సిలరేటర్‌ తిప్పినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, లేదంటే ఇంకో బండి చూసుకోండి. ఏ ఆయిలూ అరిగిన బోరును పూడ్చదు. నల్లపొగ వేరే కథ, అది పెట్రోలు ఎక్కువ పోవడం. డిప్‌స్టిక్‌కు పాలు కలిపిన టీలా అంటుకుంటే లోపల నీళ్లు చేరినట్టే.

గ్రేడు కంటే ముఖ్యమైన ముక్క ఇంకొకటుంది. డబ్బా వెనక ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని ఉందా? గేరు బండ్లలో క్లచ్‌ ప్లేట్లు ఇంజిన్‌ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఆయిల్‌ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు పట్టుకోవు. నా మొదటి బండికి ఓ షెడ్డులో కారుకు పోయగా మిగిలిన ఆయిల్‌ పోశారు, నేనూ డబ్బులు మిగిలాయని సంబరపడ్డా. రెండు రోజులకు చీపురుపల్లి రోడ్డులో లారీని దాటబోతే ఇంజిన్‌ అరిచిందే గానీ బండి ముందుకు కదల్లేదు. ఎదురుగా బస్సు. ఎలాగో వెనక్కి తగ్గా. మిగిలిన డబ్బులకు రెండింతలు క్లచ్‌ ప్లేట్లకు పోయింది. ‘ఎంబీ’ అని ఉన్నది స్కూటర్ల కోసం. వాటి క్లచ్‌ ఆయిల్‌లో ఉండదు. అక్క యాక్టివాకు తెచ్చిన డబ్బాలో మిగిలింది మీ బండికి పోయకండి.

సింథటిక్‌ అవసరమా అంటే, గదికీ కాలేజీకీ తిరిగే స్ప్లెండర్‌కు మామూలు మినరల్‌ ఆయిల్‌ చాలని నా అభిప్రాయం. ఖరీదైనది ఒకసారి పోసి ఏడాది మర్చిపోవడం కంటే, మామూలుది వేళకు మార్చడం మేలు. ‘మొన్ననే మార్చాం’ అని అమ్మినాయన చెప్పినా నమ్మకుండా, కొన్న వారంలోనే ఇంజిన్‌ కాస్త వేడిగా ఉన్నప్పుడు పాతది దింపేయండి. డ్రెయిన్‌ బోల్టుకు కొత్త వాషర్‌ వేయించండి. పల్సర్‌ అయితే ఫిల్టరూ మార్పించండి. లోపల మడ్డి పేరుకుని ఉండొచ్చు కాబట్టి ఆ మొదటి ఆయిల్‌ను వెయ్యి కిలోమీటర్ల లోపే మార్చి, తర్వాత మాన్యువల్‌ చెప్పిన లెక్కకు రండి.

లెవెల్‌ చూసేటప్పుడు బండి సమంగా ఉన్న నేల మీద నిటారుగా ఉండాలి, సైడ్‌స్టాండ్‌ మీద కాదు. స్ప్లెండర్‌ డిప్‌స్టిక్‌ను తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి తీయాలి. పల్సర్‌కు పక్కనే గాజు కిటికీ ఉంటుంది. ఆయిల్‌ రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఎక్కువ పోసినా ఇబ్బందే.

కొనేటప్పుడు డబ్బా సీలు మీ ఎదురుగానే విప్పించండి. పోశాక ఖాళీ డబ్బాను షెడ్డులో వదిలిరాకండి, స్క్రూడ్రైవర్‌తో అడుగున ఓ పోటు పొడవండి. సీసాలో పట్టిన నల్లటి పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకుండా, పాత ఆయిల్‌ కొనేవాళ్లకు ఇచ్చే షెడ్డు చూసి అక్కడ ఇవ్వండి.