స్టీరింగుకు సాయపడే నూనె

మీరు బడికి వెళ్ళే వ్యాను పాతదా? అయితే ఒక సంగతి గమనించండి. నిలబడి ఉన్న వ్యానును పక్కకు మళ్ళించాలంటే డ్రైవరు స్టీరింగును ఒంటిచేత్తో తిప్పేస్తాడు. ఇంజను నడవనప్పుడో? రెండు చేతులతో బలమంతా పెట్టాలి. ఇంజనుకీ స్టీరింగుకీ సంబంధం ఏమిటి?

ఇంజను ముందున్న పుల్లీ మీదుగా ఒక బెల్టు పోయి చిన్న పంపును తిప్పుతుంది. ఆ పంపు నూనెను గొట్టం గుండా స్టీరింగు పెట్టెలోకి తోస్తుంది. పెట్టెలో ఒక పిస్టను ఉంటుంది. నూనె దాన్ని ఒక వైపు నెడితే చక్రాలు కుడికి, రెండో వైపు నెడితే ఎడమకు తిరుగుతాయి. నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోగ్రాములు ఉందనుకోండి, పిస్టను వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. గుణించి చూడండి. 2,800 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలం! 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది.

మరి ఎటు నెట్టాలో నూనెకు ఎలా తెలుస్తుంది? అసలు తమాషా ఇక్కడే ఉంది. స్టీరింగు కడ్డీకీ పెట్టెకీ మధ్య సన్నని ఉక్కు చువ్వ ఒకటి ఉంటుంది. చక్రాలు రోడ్డును పట్టుకుని మొరాయించినప్పుడు డ్రైవరు చేతి బలానికి ఆ చువ్వ కాస్త మెలిపడుతుంది. ఆ కొద్దిపాటి మెలికకే ఒక కవాటం తెరుచుకుని, నూనెను కావలసిన వైపు పంపిస్తుంది. చెయ్యి వదిలితే మెలిక విడిపోతుంది, సాయమూ ఆగిపోతుంది. అంటే తిప్పేది డ్రైవరే; నూనె సాయం మాత్రమే చేస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే ఇలాంటి ఏర్పాటును కారుకు బిగించి నడిపి చూపాడు. అయినా అమ్మకానికి వచ్చిన కారులో అది కనిపించింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. నేటి కొత్త కార్లలో ఎక్కువగా విద్యుత్ మోటారు ఈ పని చేస్తోంది.

పాత వ్యానులో ఈ ఏర్పాటు పాడయ్యే ముందు చప్పుడు చేసి చెబుతుంది. మలుపులో కీచుమంటే బెల్టు వదులై జారుతోందన్నమాట. మూలుగులాంటి శబ్దం వస్తే నూనె తగ్గి, పంపు గాలిని పీలుస్తూ ఉండవచ్చు. డబ్బా మూత తీస్తే నురగ కనబడుతుంది. గాలి ఉంటే ఏమవుతుంది? సూదులు లేని రెండు కొత్త సిరంజిలను సన్న గొట్టంతో కలిపి, నీళ్ళు నింపి ఒకదాన్ని నొక్కండి. రెండోది వెంటనే కదులుతుంది. ఇప్పుడు లోపలికి కాస్త గాలి పోనిచ్చి నొక్కండి. స్ప్రింగును నొక్కినట్టుంటుంది! గాలి నలుగుతుంది, నీరు నలగదు. అందుకే మెకానిక్కు ముందు చక్రాలను జాకీతో పైకెత్తి, నూనె నింపి, ఇంజను వేయకుండానే స్టీరింగును ఈ చివరనుంచి ఆ చివరకు పదేపదే తిప్పుతాడు. బుడగలన్నీ డబ్బాలోకి తేలిపోతాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పెట్రోలులాగా ఈ నూనె ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. వారం వారం నూనె పోస్తూ పోవడం మరమ్మతు కాదు. పాతబడిన రబ్బరు గొట్టాన్నో సీలునో మార్చాలి. చేతికందింది గదా అని బ్రేకు ఆయిలు పోస్తే సీళ్ళు చెడిపోతాయి. వ్యానుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన నూనే పోయాలి. కారే చోటును వెతకడానికి ఇంజను నడుస్తుండగా గొట్టాన్ని చేత్తో తడమడం మహా ప్రమాదం. అంత పీడనంతో సన్నగా చిమ్మే నూనె చర్మంలోంచి లోపలికి దూసుకుపోగలదు. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయమది. మెకానిక్కు అట్టముక్క అడ్డుపెట్టి చూస్తాడు.

స్టీరింగు తిప్పినా చక్రాలు వెంటనే కదలక ఊగులాడుతోందా? అది నూనెకు సంబంధించిన జబ్బు కాకపోవచ్చు. కీళ్ళు అరిగి ఉంటాయి. అలాంటి వ్యానును రోడ్డు మీదికి తీసుకురానే కూడదు.

నడిచే వ్యానులో హఠాత్తుగా ఇంజను ఆగిపోతే పంపూ ఆగుతుంది. కానీ స్టీరింగుకీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. కనుక బలంగా తిప్పితే వ్యాను మాట వింటుంది. డ్రైవరు బ్రేకును గట్టిగా నొక్కిపట్టి పక్కకు ఆపవచ్చు. ఆగేదాకా తాళంచెవి మాత్రం బయటకు లాగకూడదు. లాగితే చాలా వాహనాల్లో స్టీరింగుకు తాళం పడిపోతుంది!