పై చదువుల ప్రవేశపరీక్ష: ఇంటిపెద్దల పూనిక



నేటి ప్రసంగమున నేను మనవి చేయబోవు విషయము పేరునకు విద్యార్థులది; కాని దాని బరువులో సగము ఇంటిపెద్దల మీదనే యున్నది. గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు ప్రాంతముల బిడ్డలు బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదువులు ముగించిన పిమ్మట, దేశమునందలి పెద్ద విశ్వవిద్యాలయములలో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. మున్నగు తరగతులలో చేరుటకు ఒక ఉమ్మడి ప్రవేశపరీక్ష కలదు. దానిని విద్యార్థులు సీయూఈటీ పీజీ యని పిలుచుచున్నారు. ఆ పరీక్ష యెట్టిది, దానికి ఎట్లు సిద్ధపడవలెను, అందు పెద్దలు చేయవలసిన పని యేమి, అను మూడు సంగతులను క్రమముగా చెప్పెదను. నేను చాలకాలము ఈ ప్రాంతపు విద్యార్థులకు పాఠములు చెప్పినవాడను గనుక, వారి తెలివియు, వారి యిబ్బందులును కొంత యెరిగియే మాటలాడుచున్నాను.

పరీక్షించి పిమ్మట ఆదరించుట మన సీమకు క్రొత్త కాదు. గద్వాల సంస్థానమున విద్వత్సభలు జరుగుటయు, దూరదేశములనుండి వచ్చిన పండితులను, కవులను పరీక్షించి సత్కరించుటయు పెద్దలు వినియే యుందురు. విద్వద్గద్వాల యను పేరు అట్లు వచ్చినదే. అంతకు వెయ్యేండ్లకు పూర్వము నలందా విద్యాపీఠమున ద్వారముకడ నున్న పండితుడే ప్రశ్నలడిగి, సమాధానము చెప్పలేనివారిని వెనుకకు పంపుచుండెనని చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగు వ్రాసియున్నాడు. నేటి పరీక్షయు అట్టి ద్వారమే. అయితే ప్రశ్న యడుగువాడు పండితుడు కాడు, కంప్యూటరు.

చదువుకొరకు దూరము పోవుటయు, పరభాషతో పెనగులాడుటయు కూడ మనకు క్రొత్త కావు. 1896లో గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదువుటకై మద్రాసు వరకు పోయిరి. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినను, ఆనాడు అచ్చట బోధన ఉర్దూలో జరిగెడిది. తెలుగింటి బిడ్డ ఆ భాషను పట్టుకొనియే పట్టము పుచ్చుకొనవలసి యుండెను. దూరము, భాష యను ఈ రెండు అడ్డంకులు నేటికిని పోలేదు. రూపము మాత్రము మార్చుకొన్నవి.

ఇక పరీక్ష సంగతి. కేంద్ర ప్రభుత్వముచే ఏర్పడిన నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ యను సంస్థ దీనిని 2022 నుండి నిర్వహించుచున్నది. అంతకు మునుపు ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన పరీక్షను తాను జరుపుకొనుట సామాన్యముగ నుండెను. నాలుగు చోట్ల ప్రయత్నింపదలచిన విద్యార్థి నాలుగు రుసుములు చెల్లించి, నాలుగు ప్రయాణములు చేయవలసి వచ్చెడిది. ఇప్పుడు ఒక పరీక్షలో వచ్చిన మార్కులతో పెక్కు విశ్వవిద్యాలయములకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము, 2009లో కలబురగి చేరువను వెలసిన కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయము, 2018లో అనంతపురమున ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయము మనకు చేరువలోనివి. దూరము పోదలచినవారికి కాశీ, ఢిల్లీ విశ్వవిద్యాలయములును కలవు. గద్వాలనుండి రాయచూరునకు 2013లో రైలు నడచిన నాటినుండి కలబురగి కూడ నడిగడ్డవారికి అందని దేశము కాదు.

2025లో జరిగిన పరీక్ష తీరు ఇట్లుండెను. ప్రశ్నలు 75, కాలము 90 నిమిషములు. అనగా ఒక ప్రశ్నకు సగటున 72 సెకండ్లు. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములు చూపుదురు. సరియైన దానిని గుర్తింపవలెను. ఒప్పునకు 4 మార్కులు. తప్పునకు 1 మార్కు తీసివేయుదురు. విడిచిపెట్టినదానికి లాభము లేదు, నష్టము లేదు. మొత్తము మార్కులు 300. ఒక విద్యార్థి 50 ప్రశ్నలు ముట్టుకొని, 40 ఒప్పు, 10 తప్పు చేసెననుకొందము. నలువది నాళ్లు నూట అరువది. అందుండి పది తీసిన నూట ఏబది. ఇదియే లెక్క.

ఊహించి గుర్తించిన మంచిదా కాదా యని పిల్లలు నన్ను తరచుగ నడుగుదురు. ఏమియు తెలియక నాలుగు ప్రశ్నలకు కన్నులు మూసికొని గుర్తించినచో, సగటున ఒకటి ఒప్పగును, మూడు తప్పగును. నాలుగు వచ్చి మూడు పోగా మిగులునది ఒక్కటే. అదే విద్యార్థి, చూపిన నాలుగింటిలో రెండు తప్పులని తెలిసి వానిని తొలగింపగలిగినచో, రెండు ప్రశ్నలలో సగటున ఒకటి ఒప్పగును. నాలుగు వచ్చి ఒకటి పోయి మూడు మిగులును. కావున సగము తెలిసినవానికి ధైర్యము లాభకరము. ఏమియు తెలియనివానికి దానివలన ఒరుగునది స్వల్పము.

సిద్ధపడు విధానమును చెప్పెదను. 2024 నుండి ఈ పరీక్షలో వేరుగా సామాన్యజ్ఞాన భాగము లేదు. విద్యార్థి కోరిన శాస్త్రమునుండియే ప్రశ్నలు వచ్చుచున్నవి. అందుచేత మూడేండ్ల డిగ్రీ పుస్తకములే మూలధనము. ప్రతి విషయమునకును పాఠ్యప్రణాళికను ఆ సంస్థ తన వెబ్‌సైటున ప్రకటించును. మొదట దానిని కాగితముపై అచ్చొత్తించి గోడకు అంటించుకొనవలెను. జూలై నుండి సెప్టెంబరు వరకు మొదటి పఠనము. అక్టోబరు, నవంబరులలో రెండవ పఠనము. జనవరి, ఫిబ్రవరులలో పాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని వ్రాయుట. పరీక్ష సాధారణముగ మార్చిలో వచ్చును. శ్రీరంగాపురపు రంగసముద్రము ఒక్క రాత్రి వానకు నిండునది కాదు. వాగులు దినదినము తెచ్చిన నీటితో నిండును. దినమునకు నాలుగు గంటల చొప్పున ఎనిమిది నెలలు చదివినవాడు, చివరి నెలలో దినమునకు పదునాలుగు గంటలు చదివినవానికంటె స్థిరముగ నిలుచును.

భాషాపఠనములు మున్నగు కొన్నింటిని విడిచినచో ప్రశ్నపత్రము ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే యుండును, తెలుగులో నుండదు. తెలుగు మాధ్యమమున డిగ్రీ చదివిన మన పిల్లలకు ఇదియే పెద్ద కొండ. అయితే ఇది యెక్కరాని కొండ కాదు. పిల్లవానికి విషయము తెలియును. పేరు మాత్రము తెలియదు. ద్రవ్యోల్బణమన నేమియో చక్కగ చెప్పగలవాడు ఇన్‌ఫ్లేషన్ అను మాట చూచి ఆగిపోవును. కిరణజన్య సంయోగక్రియను బొమ్మ గీచి చూపగల బాలిక ఫోటోసింథసిస్ అను మాట యొద్ద తడబడును. దీనికి మందు ఒక రెండణాల నోటుపుస్తకము వంటిది: ఎడమ ప్రక్క తెలుగు మాట, కుడి ప్రక్క ఇంగ్లీషు మాట. దినమునకు పది మాటలు వ్రాసికొన్నచో నూరు దినములలో వేయి మాటలగును. ఒక శాస్త్రమున ప్రశ్నలు అర్థము చేసికొనుటకు ఆ వేయి మాటలు చాలవరకు సరిపోవును. ఈ ఉపాయమున గట్టెక్కిన విద్యార్థులను నేను స్వయముగ చూచితిని.

కంప్యూటరు సాధనయు కావలెను. చేతిలోని ఫోనుపై చదువుట వేరు, బల్లముందు కూర్చుండి మౌసుతో ప్రశ్నలు త్రిప్పుట వేరు. పరీక్షకు ముందు పది పర్యాయములైనను కళాశాలలోనో, పట్టణమునందలి ఇంటర్నెట్ అంగడిలోనో అభ్యాసపరీక్షలు వ్రాయించవలెను.

ఇంతవరకు చెప్పినది విద్యార్థి పని. ఇక పెద్దల పని చెప్పెదను. అది మూడు మాటలలో ముగియును: కాలము, కాగితము, సమ్మతి.

మొదటిది కాలము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యులు నూటికి ఏబదికంటె తక్కువ. చదువులో మనము వెనుకబడుటకు తెలివి తక్కువై కాదు; పని యెక్కువై. నడిగడ్డలో విత్తనపత్తి వేసిన యిండ్లలో క్రాసింగు రోజులు వచ్చినచో సాయంకాలము మొగ్గలు ఒలుచుటకు, ఉదయము పుప్పొడి అద్దుటకు ఇంటిల్లిపాదియు చేనిలోనే యుందురు. ఆ పని ఆగదని నేనెరుగుదును. కాని ఆ దినములే మొదటి పఠనపు దినములు. పొలమునకు బొత్తిగ రావద్దని చెప్పుట సాధ్యము కాకున్నను, ఉదయమో రాత్రియో నాలుగు గంటలు ఈ బిడ్డవి, వీనిని ఎవరును ముట్టరాదు అని ఇంటిపెద్ద యొక్కమాట చెప్పవచ్చును. కాలువ నీటికి వంతులు పెట్టి తగవులు తీర్చిన పెద్దలకు ఈ వంతు పెట్టుట కష్టము కాదు.

రెండవది కాగితము. కేంద్ర విశ్వవిద్యాలయములలో నూటికి 15 స్థానములు షెడ్యూల్డు కులములకు, 7.5 షెడ్యూల్డు తెగలకు, 27 ఇతర వెనుకబడిన వర్గములకు, 10 ఆర్థికముగ వెనుకబడినవారికి కేటాయింపబడినవి. మన రాష్ట్రమున బి.సి. వర్గములలో ఏ, బి, సి, డి, ఇ యను విభాగములు కలవు. కేంద్రమునకు ఆ విభాగములు లేవు. అచ్చటిది ఓ.బి.సి. యను ఒకే పట్టిక. రాష్ట్రపు పట్టికలో నున్న కొన్ని కులములు కేంద్రపు పట్టికలో నుండవు. కావున మొదట తమ కులము అందున్నదా యని చూచుకొనవలెను. ఉన్నచో, రాష్ట్రపు బి.సి. పత్రము చాలదు, సంపన్నశ్రేణికి చెందరని తెలుపు ఓ.బి.సి. పత్రమును కేంద్రపు నమూనాలో, గడువు మీరనిదిగా తీసికొనవలెను. ఆర్థికముగ వెనుకబడినవారి పత్రమునకును ఇట్టి గడువు కలదు. దరఖాస్తులు సాధారణముగ డిసెంబరు, జనవరి మాసములలో పుచ్చుకొందురు గనుక, దసరా నాటికే మీసేవలో అర్జీ పెట్టించుట మేలు. ఆధారు కార్డులోను, పదవ తరగతి పత్రములోను పేరు, పుట్టిన తేదీ ఒక్కతీరుగ నున్నవో లేవో పెద్దలే దగ్గరుండి చూడవలెను.

కాగితముల విషయమున మరియొక హెచ్చరిక. పరీక్ష నడుపు సంస్థ మార్కులు మాత్రమే ఇచ్చును; స్థానము ఇయ్యదు. మార్కులు వచ్చిన పిమ్మట, విద్యార్థి కోరిన ప్రతి విశ్వవిద్యాలయమునకును వేరువేరుగా దరఖాస్తు పెట్టి, వారు ప్రకటించు జాబితాలను చూచుకొనుచు, గడువులోపల రుసుము చెల్లింపవలెను. నల్లమల యంచున నున్న యొక గ్రామపు బాలిక నాకు తెలియును. ఆమెకు మంచి మార్కులే వచ్చినవి. ఇంటివారు స్థానము దొరికినదనియే తలచి, పిలుపుజాబు వచ్చునని ఎదురుచూచిరి. జాబు రాలేదు, గడువు దాటిపోయెను. తెలివి యుండి, శ్రమ పడి, ఒక్క సంగతి తెలియక ఆమె యొక సంవత్సరము పోగొట్టుకొన్నది. ఈ మాట ప్రతి యింటను తెలియవలెననియే ఇంత విపులముగ చెప్పుచున్నాను.

మూడవది సమ్మతి. స్థానము వచ్చిన తరువాత పంపుటయా మానుటయా యని ఆలోచించుట ఆలస్యము. దరఖాస్తు నాడే ఆ మాట తేల్చుకొనవలెను. కుమారుని విషయమున ఖర్చు చూతురు; కుమార్తె విషయమున ఖర్చుతోపాటు లోకము మాటయు చూతురు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున బాలికలకు వేరుగా వసతిగృహములు కలవు. సందేహమున్నవారు ఒక దినము బిడ్డతో పోయి, గదులు, భోజనశాల, గ్రంథాలయము కన్నులార చూచి రావచ్చును. చూడక వద్దనుటకంటె చూచి నిర్ణయించుట పెద్దరికమునకు తగినది. పెండ్లిమాటలు రెండేండ్లు ఆగగలవు. ప్రవేశపు గడువు రెండు దినములైనను ఆగదు.

ఒకవేళ ఈ పరీక్షలో అనుకొన్న మార్కులు రాకున్నచో చింతింపనక్కరలేదు. రాష్ట్రములోని విశ్వవిద్యాలయములకు సీపీగెట్ అను వేరొక ప్రవేశపరీక్ష కలదు. 2008లో మహబూబునగరమున నెలకొన్న పాలమూరు విశ్వవిద్యాలయమున ఎం.ఏ., ఎం.ఎస్‌సి. తరగతులు దానిద్వారా దొరకును. రెండింటికిని చదువవలసిన పుస్తకములు చాలవరకు ఒక్కటే. కావున రెండింటికిని దరఖాస్తు పెట్టించుడు. ఒక సేద్యమున రెండు పంటల యాశ యుండును.

నియమములు, తేదీలు ఏటేట మారుచుండును. నేను చెప్పిన లెక్కలు 2025 పరీక్షవి. ఆ యేటి ప్రకటనను బిడ్డచేత చదివించుకొని, తేదీలను ఇంటి పంచాంగముపై ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొనుడు. మీ యూరిలో డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్నవారెందరో రచ్చకట్టపై కూర్చుండి లెక్కింపుడు. వారిలో ఎందరు ఈ పరీక్ష పేరు వినిరో అడుగుడు. విననివారికి ఈ రాత్రియే చెప్పింపుడు.