కాలి కింద కాలం

గిటారిస్టు ఒక చిన్న వరస వాయించి కాలితో స్విచ్ నొక్కుతాడు. ఇక ఆ వరస ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఇంకొకటి, ఆపై మరొకటి పేర్చుకుంటూ బృందమంత సంగీతాన్ని ఒక్కడే వినిపిస్తాడు. ఈ పని చేసే పెట్టె పేరు లూపర్. దాన్ని రూపొందించేవాళ్లకు అడుగడుగునా ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోక తప్పదు.

రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనోల 1973 నాటి ఆల్బమ్‌లో ఈ పని చేసినవి రెండు టేప్ రికార్డర్లు. మొదటిదానిలో రికార్డయిన టేపు రెండోదానిలోకి వెళ్లి మోగేది. ఆ ధ్వనిని మళ్లీ మొదటిదానికే పంపేవారు. రెండు యంత్రాల మధ్య ఎంత దూరముంటే లూప్ అంతసేపు.

డిజిటల్ లూపర్లలో ఆ దూరం స్థానంలోకి మెమరీ వచ్చింది. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 2 బైట్లు చొప్పున, ఒక చానెల్‌లో నిమిషం శబ్దానికి దాదాపు 53 లక్షల బైట్లు కావాలి. అందుకే 1994లో లెక్సికాన్ జామ్‌మ్యాన్ 8 సెకన్ల లూప్‌తో వచ్చింది. అదనపు మెమరీ వేయించుకుంటే 32 సెకన్లు. 2013లో వచ్చిన టీసీ ఎలక్ట్రానిక్ వారి బుల్లి పెడల్ డిట్టోలో 5 నిమిషాలు పడతాయి. మెమరీ చౌకయ్యాక చిక్కంతా స్విచ్ దగ్గరికి చేరింది.

చేతులు వాయిద్యం మీద ఉంటాయి కాబట్టి ఏం చెప్పినా కాలితోనే చెప్పాలి. డిట్టోకు ఉన్నది ఒకే స్విచ్. ఒకసారి నొక్కితే రికార్డింగ్, మళ్లీ నొక్కితే లూప్ మోగడం, ఇంకోసారి నొక్కితే ఓవర్‌డబ్, అంటే పైన కొత్త వరస. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఆగుతుంది, నొక్కి పట్టుకుంటే చివరి వరస పోతుంది. కానీ కాలు పడిన క్షణాన అది మామూలు నొక్కో, పట్టి ఉంచే నొక్కో యంత్రానికి తెలియదు. కాలు లేచేదాకా చూద్దామంటే లయ తప్పుతుంది, ఆ తప్పు ప్రతి చుట్టులోనూ వినిపిస్తుంది. నొక్కగానే పని మొదలుపెట్టి, కాలు లేవకపోతే చేసినదాన్ని రద్దు చేయడం దీనికొక ఉపాయం. అందుకు పాత లూప్ నకలు దాచి ఉంచాలి. అంటే మెమరీ ఖర్చుపెట్టి కాలాన్ని కొనుక్కోవడమే.

రెండుసార్లు నొక్కి ఆపడంలోనూ ఇబ్బంది ఉంది. రెండో నొక్కు తాళం దెబ్బ మీద పడాలంటే మొదటిది ముందే పడాలి. ఆపడానికి వేరే స్విచ్ పెడితే ఈ బాధ ఉండదు. కానీ పెట్టె పెద్దదవుతుంది, చీకటి వేదిక మీద ఏ స్విచ్ ఎక్కడుందో కాలు వెతుక్కోవాలి.

లూప్ చివర, మొదలు కలిసే అతుకు దగ్గర తరంగం తెగితే ‘టక్’మంటుంది. చివరిని తగ్గిస్తూ, మొదలును పెంచుతూ కొన్ని మిల్లీసెకన్లపాటు కలిపితే ఆ చప్పుడు పోతుంది. మరీ ఎక్కువసేపు కలిపితే తొలి మీటు పదును తగ్గుతుంది.

లూపర్ కొనేవాళ్లు ఎన్ని నిమిషాలు పడుతుందని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది, రెండోసారి నొక్కితే ఏమవుతుందని. కొన్నింటిలో లూప్ మోగడం మాత్రమే మొదలవుతుంది. దాని మీద సోలో వాయించేవాళ్లకు అది అనువు. కొన్ని నేరుగా ఓవర్‌డబ్‌లోకి వెళ్తాయి. వరస మీద వరస ఆగకుండా పేర్చేవాళ్లకు అది హాయి. సెట్టింగు మార్చుకునే వీలున్న పెడల్ అయితే ఇద్దరికీ పనికొస్తుంది.