ఉగాదికి ఆగాలి... చవితికి విత్తాలి!

నెలల తరబడి మంచు కప్పుకునే చోట ఇంటి ముందు పచ్చిక పెంచడమూ సేద్యమే. అమెరికాలోని మిన్నెసోటాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది ఆ సేద్యాన్ని వసంతంలో మొదలుపెట్టి నష్టపోతుంటారు. అక్కడి పచ్చికకు ఏరువాక వచ్చేది భాద్రపదంలో!

మే నెలలో నాన్న మా ఇంటికి వచ్చారు. మినియాపొలిస్ శివార్లలో ఏడాది కిందట కొనుక్కున్న ఇల్లు. నలభై ఏళ్లు కృష్ణా డెల్టాలో వరి పండించిన మనిషి ఇంట్లో అడుగుపెట్టకముందే లాన్ దగ్గర వంగి, నాలుగు పోచలు పీకి చూశారు.

"ఇది గరిక కాదురా. మరేంటిది?"

నేను అప్పటికి రెండుసార్లు విత్తనాలు చల్లాను. ఎరువూ వేశాను. మట్టి తేలిన మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. ఏ పైరు వేశానో తెలుసుకోకుండానే సాగు చేస్తున్నానని ఆ ప్రశ్నతో అర్థమైంది.

చలి కోరే గడ్డి

మన గరికనే అమెరికాలో బెర్ముడా గ్రాస్ అంటారు. ముప్పై డిగ్రీల ఎండలో అది పరుగులు తీస్తుంది. మిన్నెసోటా చలికి మాత్రం వేళ్లతో సహా చచ్చిపోతుంది. అక్కడి లాన్లలో ఎక్కువగా కనిపించేది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉన్నా ఐరోపా నుంచి వలస వచ్చిందే. దానికి తోడు ఫెస్క్యూ, రైగ్రాస్. ఇవి 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా ఎదుగుతాయి. అంటే ఏడాదిలో వీటికి ఎదిగే కాలాలు రెండే: వసంతం, శరత్తు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏ పని ఎప్పుడు చేయాలో దానంతటదే తెలుస్తుంది.

ఉగాది: పదును రానివ్వండి

ఉగాది వేళకు అక్కడ మంచు కరుగుతుంటుంది. దాని కింద నుంచి బూడిదరంగు బూజు పట్టి, అణగిపోయిన గడ్డి బయటపడుతుంది. అది స్నో మోల్డ్ అనే శిలీంధ్రం. మందులు అక్కర్లేదు. నేల ఆరాక తేలిగ్గా రేక్‌తో దువ్వి గాలి ఆడనిస్తే చాలు, చాలావరకు కోలుకుంటుంది. తడినేల మీద తిరిగితే మాత్రం మట్టి గట్టిపడి వేళ్లకు ఊపిరి అందదు.

క్రాబ్‌గ్రాస్ అనే కలుపు విత్తనాలు మట్టి వేడి 13 డిగ్రీలు దాటుతుంటే మొలకెత్తుతాయి. వాటిని ఆపే మందును అంతకు ముందే, సాధారణంగా ఏప్రిల్ చివర, మే మొదట్లో వేస్తారు. అయితే మామూలుగా వాడే మందులు మనం చల్లిన గడ్డి విత్తనాన్నీ మొలవనివ్వవు. నా వసంతకాలపు విత్తనాల్లో ఒక విడత అలాగే పోయింది. రెండో విడత మొలిచింది కానీ, వేరు లోతుకు దిగకముందే జులై ఎండకు మాడిపోయింది.

వేసవి: పొట్టిగా కోయొద్దు

మూడు అంగుళాల ఎత్తు ఉంచాలి. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. పోచ ఎంత పొడవుంటే వేరు అంత లోతుకు వెళ్తుంది, నేలకు నీడ పడి కలుపు తగ్గుతుంది. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే ఎరువవుతుంది. వానతో కలిపి వారానికి ఒక అంగుళం నీరు, అదీ తెల్లవారుజామున పెడితే చాలు. నీళ్లు చాలక ఆగస్టులో గోధుమరంగుకు తిరిగితే కంగారు పడొద్దు. అది చావు కాదు, నిద్ర.

చవితి: అసలు ఏరువాక

ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా, ఇంచుమించు వినాయక చవితి రోజుల్లో, నేలలో వెచ్చదనం ఉంటుంది, గాలి చల్లబడుతుంది. క్రాబ్‌గ్రాస్ ఆయుష్షు తొలి గడ్డమంచుతో తీరిపోతుంది. విత్తడానికి ఇదే అదను. గట్టిపడిన నేలను ఏరేషన్ యంత్రంతో గుల్ల చేసి, విత్తనం మట్టికి తగిలేలా చల్లి, మొలిచేదాకా పైమట్టి ఆరకుండా చూడాలి. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది. బ్లూగ్రాస్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పాత పచ్చికకు ముఖ్యమైన ఎరువు కూడా సెప్టెంబరులోనే వేయాలి. చల్లబడే కొద్దీ ఆకు ఎదుగుదల తగ్గి, తయారైన పిండిపదార్థం వేళ్లలో నిల్వ చేరుతుంది. వచ్చే వసంతం ఆ నిల్వ మీదే పచ్చబడుతుంది.

ఎరువు సంచి చూసి నాన్న ఆశ్చర్యపోయారు. డీఏపీ బస్తా మీద 18-46-0 చూసిన కళ్లకు ఇక్కడ భాస్వరాన్ని సూచించే నడిమి అంకె సున్నా కనిపించింది. వానకు కొట్టుకుపోయిన భాస్వరం చెరువుల్లో నాచును పెంచుతుంది. అందుకే పదివేల సరస్సుల రాష్ట్రంగా పేరున్న మిన్నెసోటా 2005 నుంచి రాష్ట్రమంతటా లాన్లకు భాస్వరం వాడకాన్ని కట్టడి చేసింది. కొత్తగా పచ్చిక వేస్తున్నా, మట్టి పరీక్షలో లోటు తేలినా మినహాయింపు ఉంటుంది. "అందరి చెరువు కదా, మంచి పనే చేశారు" అన్నారు నాన్న.

అమెరికాలో పచ్చిక విస్తీర్ణం సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని 2005లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. దాదాపు ఆంధ్రప్రదేశ్ అంత! అంత నేల మీద మనం పోసే ప్రతి గుప్పెడుకూ లెక్క ఉండాల్సిందే. తేనెటీగల కోసం ఇళ్ల లాన్లను మార్చుకునేవాళ్లకు మిన్నెసోటా 2019లో 'లాన్స్ టు లెగ్యూమ్స్' పథకంతో సాయం మొదలుపెట్టింది. గడ్డిలో తెల్ల క్లోవర్ కలిపితే పూలు తేనెటీగలకు, నత్రజని నేలకు. వరి మడిలో జనుము, పిల్లిపెసర చల్లే మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

దీపావళి: ముగింపు పనులు

రాలిన ఆకులను దట్టంగా పేరుకోనివ్వకుండా మోవర్‌తో పొడి చేసి నేలకే ఇచ్చేయాలి. ఆఖరి కోత రెండున్నర అంగుళాలకు. నేల గడ్డకట్టకముందే స్ప్రింక్లర్ గొట్టాల్లో నీటిని గాలితో వెళ్లగొట్టించకపోతే అవి పగిలిపోతాయి. చలికాలంలో దారి మీద ఉప్పు కలిసిన మంచును పచ్చిక మీదికి ఎత్తిపోయకూడదు.

నాన్న చవితి మర్నాడు తన చేత్తో విత్తనం చల్లి, అక్టోబరు చివర్లో ఊరెళ్లారు. ఉగాది పొద్దున ఫోన్ చేసి, శుభాకాంక్షలకన్నా ముందు అడిగారు:

"మొలక నిలిచిందా?"

"మంచు ఇంకా పూర్తిగా పోలేదు నాన్నా. అంచున పచ్చగా కనిపిస్తోంది. వెళ్లి చూడనా?"

"వద్దురా. పదును రానీ."