ఊదితే నిప్పు ఎందుకు రాజుకుంటుంది?

నివురుగప్పిన నిప్పును ఊదుగొట్టంతో ఊదగానే కణికలు ఎర్రబారుతాయి. ఇందులో ఒక వైరుధ్యం కనిపిస్తుంది. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉండగా, మనిషి విడిచే ఊపిరిలో అది సుమారు 16 శాతమే. అయినా ఆ ఊపిరి నిప్పుకు మేలు చేయడానికి కారణం దాని వేగమే.

మండుతున్నకొద్దీ కణిక చుట్టూ ఆక్సిజన్ తరిగిపోతుంది. దహనంలో పుట్టిన వాయువులు, పైన పేరుకున్న నివురు కొత్త గాలిని అడ్డగిస్తాయి. ఊదినప్పుడు ఈ పొరలు తొలగుతాయి. వేగంగా వెలువడే ఊపిరి పరిసరాల్లోని గాలిని కూడా తనతో తీసుకుపోతుంది. కణికకు ఆక్సిజన్ ఎడతెగక అంది వేడి పెరుగుతుంది. ఆ వేడికి కట్టె నుండి మండే ఆవిరులు వెలువడి మంట లేస్తుంది. కమ్మరి కొలిమిలో తిత్తి చేసే పని ఇదే.

అదే ఊపిరి దీపాన్ని ఆర్పుతుంది. దీపపు మంటకు ఆధారం వత్తి నుండి లేచే నూనె ఆవిరి. ఊదగానే అది చెదిరి చల్లబడుతుంది. వత్తిలో నిలిచే వేడి స్వల్పం, కణికలో అధికం.

గాలి చాలని పొయ్యిలో పొగతో పాటు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. కనుక కట్టెల మధ్య సందులు, వంటింటికి పొగగొట్టం ఉండడం పొయ్యి ఊదేవారి ఆరోగ్యానికి అవసరం.